మార్కాన్షియేసీ కుటుంబం వారి కొళాయి

మా గుమ్మలవాడ మున్సిపల్ ఆఫీసు ఉత్తరపు గోడ కారుతోందని ఊళ్లో అందరికీ తెలుసు. ఆఫీసుకు మాత్రం తెలియదు. ఆ సంగతి ఎవరూ రాతపూర్వకంగా తెలియజేయలేదు మరి. డాబా మీది ట్యాంకు నుంచి దిగే గొట్టానికి ఎక్కడో చిల్లి పడింది. నీళ్లు గోడ పొడవునా జారి కింద సిమెంటు చప్టా మీద మడుగు కట్టేవి. ఆ మడుగులో మేం బళ్లు కడుక్కునేవాళ్లం. నేనప్పుడు ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని.

రోడ్డుకు అవతల గొల్లవీధి. ఆ వీధిలో కొళాయిలున్నాయి, నీళ్లు లేవు. వీధి మొదట్లో బెవర పోలమ్మ ఇల్లు. భర్త పోయాక రెండు గేదెల పాడి మీద బతుకుతోంది. గేదె మనిషిలా కాదు, నీళ్లు లేవంటే ఊరుకోదు. వాటికి తాగడానికీ కడగడానికీ పోలమ్మ ఊరవతల గెడ్డ దాకా నడిచి, వాగునీళ్లు బిందెలతో మోసుకొచ్చేది. మోకాళ్లు పట్టేశాయి. ఇలాగైతే ఒక గేదెను అమ్ముకోవాల్సిందేనని అనుకుంటూ, ప్రతి సోమవారం అర్జీల వేళకు మా ఆఫీసుకు వచ్చేది. మా కమిషనర్ కోరుప్రోలు విశ్వమోహన్ గారు ఆమె చెప్పింది ఓపిగ్గా విని, విషయం క్రియాశీల పరిశీలనలో ఉందని చెప్పి పంపించేవారు. పరిశీలనకు ముందు ఆ 'క్రియాశీల' చేరిన రోజున పోలమ్మ కాస్త ఆశపడింది కూడా.

అలా ఉండగా పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. ప్రతి మున్సిపాలిటీ తన హద్దుల్లో అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల కుటుంబాన్ని ఒకదాన్ని గుర్తించాలి. దాన్ని 'పట్టణ సంరక్షిత కుటుంబం'గా ప్రకటించి, అది ఎక్కడ నివసిస్తే అక్కడ దానికి రక్షణా, నీరూ కల్పించాలి. ఒక ఊరు తీసుకున్న కుటుంబాన్ని మరో ఊరు తీసుకోకూడదు.

విశ్వమోహన్ గారు అప్పుడు మోకాలి ఆపరేషను చేయించుకుని సెలవులో ఉన్నారు. ఆయన వచ్చి చూసేసరికి మంచి కుటుంబాలన్నీ అయిపోయాయి. పక్క ఊరు కొంగల్ని తీసుకుంది. సముద్రం ఉన్న ఊళ్లు తాబేళ్లనీ పీతల్నీ పంచుకున్నాయి. ఏమీ లేని ఒక ఊరు గబ్బిలాలతో సరిపెట్టుకుంది. మాకు తేళ్లు మిగిలాయి. తేళ్లకు ఆఫీసులో నివాసం కల్పిస్తే జనం రావడం తగ్గుతుందని అకౌంటెంటు అన్నాడు. ఆ మాట కొంతసేపు అందరికీ నచ్చింది. చివరకు సిబ్బంది భద్రత దృష్ట్యా వద్దనుకున్నారు.

ఆ చర్చ జరిగిన సోమవారమే డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పే డాక్టర్ మజ్జి హేమలత గారు, లాబొరేటరీకి నీళ్లు రావడం లేదని చెప్పడానికి వచ్చారు. లోపలికి రాకుండా ఉత్తరపు గోడ దగ్గర ఆగిపోయారు. సంచీలోంచి చిన్న భూతద్దం తీసి, ముక్కు గోడకు ఆనేలా వంగి చూస్తూ ఉండిపోయారు. కమిషనర్ గారు కిటికీలోంచి అది చూసి, గోడ కారుతున్న సంగతి ఎవరో అధికారికంగా కనిపెట్టేస్తున్నారని కంగారుపడి బయటికి వచ్చారు.

ఆమె సంతోషంగా, గోడ మీదున్నది ఉత్త పాచి కాదని చెప్పారు. లివర్‌వర్ట్ అనే జాతి మొక్కలట. వేరు లేదు, కాండం లేదు, ఆకు లేదు. పచ్చటి రిబ్బను ముక్కలా నేలకంటుకుని, కొస దగ్గర రెండుగా చీలుతూ, మళ్లీ ఆ రెండూ రెండేసిగా చీలుతూ పాకుతుంది. అడుగున సన్నటి నూగు ఉంటుంది, దాంతో తడి పట్టుకుంటుంది. పూర్వం ఎక్కడో దొరలు దాని ఆకారం చూసి కాలేయం అనుకుని ఆ పేరు పెట్టారు. అవన్నీ చెప్పి ఆమె, "ఇది మార్కాన్షియేసీ కుటుంబం సార్," అన్నారు.

కమిషనర్ గారికి కాలేయం దాకా ఏమీ పట్టలేదు. చివరి మాట మాత్రం పట్టింది.

"కుటుంబమా?"

"అవునండి. కుటుంబమే."

"దీన్ని ఇంకే మున్సిపాలిటీ అయినా తీసుకుందా?"

తీసుకోవడమేమిటో ఆమెకు అర్థం కాలేదు. ఆయన ఆమెను లోపలికి తీసుకెళ్లి కుర్చీ వేయించి, కాఫీ తెప్పించారు. అంతరించిపోయే ప్రమాదం ఉందా అని అడిగారు. గోడ ఎండితే పోతుందని ఆమె చెప్పారు. ఆమె ఎప్పుడూ నిజమే చెప్పేవారు. మా ఆఫీసులో ఒక నిజం చెబితే అది సాయంత్రానికల్లా ఏమవుతుందో ఆమెకు అప్పటికి తెలియదు.

సాయంత్రానికి అది ఉత్తర్వు అయింది. ఉత్తరపు గోడను మార్కాన్షియేసీ కుటుంబం వారి నివాసంగా ప్రకటించడమైనది. సదరు గోడ కారుడును యథాతథ స్థితిలో నిరంతరాయంగా కొనసాగించవలసినది. ఫిట్టరు తవిటినాయుడు ఆ మర్నాడే గొట్టం బాగుచేయడానికి నిచ్చెన తెచ్చుకున్నాడు. అతన్ని దింపి, ఇకపై రోజూ పొద్దున్నే వచ్చి చిల్లి సక్రమంగా కారుతున్నదీ లేనిదీ సరిచూసుకోమన్నారు. ఉద్యోగంలో చేరిననాటి నుంచీ తవిటినాయుడు చేస్తున్నది దాదాపు అదే కాబట్టి అతనికేం కష్టం కలగలేదు. గోడకు అటూ ఇటూ ఇనుప కంచె వేశారు. కాపలాకు ఒక మనిషిని పెట్టారు. బళ్లు కడుక్కోవడానికి మేం వేరే చోటు వెతుక్కున్నాం.

ఎండలు ముదిరేసరికి ట్యాంకులో నీళ్లు తగ్గి, చిల్లి కారడం మానేసింది. మొక్కల అంచులు గోధుమరంగుకు తిరిగాయి. ఇంజనీరు రాత్రికి రాత్రే అత్యవసర తీర్మానం పెట్టించి, రోజుకో ట్యాంకరు తెప్పించే ఏర్పాటు చేశాడు. ఆ ట్యాంకరు గొల్లవీధిలోంచే రావాలి. జనం బిందెలు పట్టుకుని నిలబడి చూస్తుండగా అది మెల్లగా వాళ్ల ముందునుంచి వెళ్లి, గోడ దగ్గర ఆగి, గొట్టం పెట్టి గోడను తడిపి వెళ్లిపోయేది.

ఆ సోమవారం పోలమ్మ అర్జీ ఇవ్వలేదు. నేరుగా కమిషనర్ గారి బల్ల ముందు నిలబడింది.

"బాబూ, గోడకి ట్యాంకీతో నీలు పోస్తన్నారు. మాకు సుక్క నేదు. ఇదేటి నాయం?"

ఆయన కోప్పడలేదు. చదువుకోని వారికి విధానం వివరించడం కూడా సేవే అనుకునే మనిషి. నీళ్లు పోస్తున్నది గోడకు కాదనీ, కుటుంబానికనీ, ఆ కుటుంబం ఎక్కడ నివసిస్తే అక్కడ నీరు సరఫరా చేయడం మున్సిపాలిటీకి చట్టబద్ధమైన బాధ్యత అనీ నెమ్మదిగా చెప్పారు.

"మాదీ కుటుంబమే కద బాబూ."

"మీది సంరక్షిత కుటుంబం కాదమ్మా."

పోలమ్మ, ఆ కుటుంబం ఎక్కడుంటే అక్కడ నీళ్లిస్తారా అని మళ్లీ అడిగి, అవుననిపించుకుని బయటికి వచ్చేసింది.

ఆ రోజుల్లో మా ఆఫీసు మరో చిక్కులో ఉంది. నెలవారీ నివేదికలో కుటుంబ సభ్యుల వివరాలు స్త్రీ పురుషుల వారీగా పంపమన్నారు. హేమలత గారిని పిలిపించాం. అప్పటికి ఆ మొక్కల మీద చిన్న చిన్న గొడుగులు లేచి ఉన్నాయి. అగ్గిపుల్లంత కాడ, పైన గొడుగు. ఆడ మొక్క గొడుగు చేతివేళ్లు చాపినట్టు చీలి ఉంటుందనీ, మగ మొక్కది అప్పడంలా పరుచుకుని ఉంటుందనీ, రెండూ వేర్వేరు మొక్కలనీ ఆమె చెప్పారు. గోడంతా వెతికి, ఇవన్నీ మగవేనని తేల్చారు.

కమిషనర్ గారి ముఖం వాడిపోయింది. ఆడవి ఎక్కడైనా ఉన్నాయా అని అడిగారు. ఎదుటి సందులో పశువుల ఆసుపత్రి నీళ్లతొట్టె మీద ఆడవి ఉన్నాయని ఆమె తాను చూసిన సంగతే చెప్పారు. మరి వీటికీ వాటికీ రాకపోకలు ఎలా అని ఆయన అడిగారు. మగ మొక్క బీజం తడిలో ఈదుకుంటూ వెళ్లాలండి, జానెడు దూరం కూడా పోలేదు, మధ్యలో రోడ్డు ఉంటే అసలు కుదరదు అని ఆమె అన్నారు.

"అంటే భర్త మా శాఖలోనూ, భార్య పశుసంవర్ధక శాఖలోనూ పనిచేస్తున్నారన్న మాట," అన్నారు కమిషనర్ గారు. "ఇది స్పౌజ్ కేసు."

భార్యాభర్తలను ఒకే చోట పనిచేయించడానికి ప్రభుత్వంలో బదిలీ నిబంధన ఉంది. ఆ నిబంధన కింద, పశువుల ఆసుపత్రి తొట్టె మీదున్న ఆడ సభ్యులను మున్సిపల్ గోడకు బదిలీ చేయాలని లేఖ వెళ్లింది. ఆసుపత్రి అసిస్టెంట్ డైరెక్టర్ ఫణిభూషణ్ గారు ఆ తొట్టెను ఎన్నడూ చూసిన మనిషి కాదు. లేఖ అందగానే వెళ్లి చూశారు. అంతవరకు ఆ పాచి ఊసే పట్టని వారు ఆ క్షణం నుంచి దాన్ని వదులుకోలేకపోయారు. ఆడ సభ్యులు తమ శాఖకు ఎంతో కాలంగా విశిష్ట సేవలందిస్తున్నారనీ, వారిని రిలీవ్ చేస్తే సిబ్బంది కొరత ఏర్పడుతుందనీ, భర్తలే ఇటు బదిలీ కోరవచ్చుననీ జవాబిచ్చారు. ఆడవాళ్లే ఎందుకు కదలాలని కింద ఒక వాక్యం కూడా చేర్చారు. దానితో కమిషనర్ గారికి రెండు రోజులు నిద్ర పట్టలేదు.

చివరకు జిల్లా స్థాయిలో రాజీ కుదిరింది. ఆడవాటిలో సగం ఇటు రావాలి, మగవాటిలో సగం అటు వెళ్లాలి. ఒక మంచిరోజు చూసి అరటిదొన్నెల్లో మట్టితో సహా అవి రోడ్డు దాటాయి. మేళం పెట్టారు. ఆఫీసు ఆడవాళ్లు పళ్లేల్లో పసుపు కుంకుమలు తెచ్చారు. పసుపు పడితే మొక్క చస్తుందని హేమలత గారు అడ్డం పడకపోతే కథ అక్కడితో ముగిసేది. అందంగా ఉంటుందని కమిషనర్ గారు దూరపు నర్సరీ నుంచి పూలకుండీలు తెప్పించి గోడ పొడవునా పేర్పించారు. తవిటినాయుడు గొట్టంతో అందరి మీదా, గోడ మీదా, కుండీల మీదా జల్లులా నీళ్లు చల్లాడు.

ఆ సందడిలో పోలమ్మ తన గేదెల కుడితిగోలెం తెచ్చి కంచె లోపల, గోడ కిందుగా పెట్టింది. కారుతున్న నీళ్లు పట్టుకుందామని. మొక్కను ముట్టుకోకూడదని ఉత్తర్వులో ఉంది కానీ గోలేన్ని గురించి ఏమీ లేదు. కాపలావాడు ఆ ఉత్తర్వు రెండుసార్లు చదివించుకుని, అడ్డు చెప్పలేకపోయాడు. ఆనాటి నుంచి పోలమ్మ రోజూ గోలెం పెట్టేది, నిండాక తవిటినాయుడు సాయం పట్టగా తోపుడుబండి మీద ఇంటికి తీసుకుపోయేది. గరుకు సిమెంటు గోలెం, ఎప్పుడూ తడిగా ఉండేది.

వానలు మొదలైన కొన్నాళ్లకు ఆమె కాలేజీకి వెళ్లి హేమలత గారిని ఇంటికి తీసుకొచ్చింది. గోలెం చుట్టూ, దాని కింది చప్టా మీద పచ్చటి రిబ్బన్లు పాకి ఉన్నాయి. ఎవరో తెచ్చి అతికించారా అని హేమలత గారు అడగలేదు. ఆమెకు అది ఎలా జరిగిందో తెలుసు. ఆ మొక్క వీపు మీద పప్పుగింజ పట్టేంత గిన్నెలుంటాయి. గిన్నెలో ఆవగింజ కన్నా చిన్న పచ్చటి బిళ్లలుంటాయి. వానచినుకు సరిగ్గా గిన్నెలో పడితే ఆ బిళ్లలు మూరెడు దూరం ఎగిరిపడతాయి. ఎక్కడ తడి ఉంటే అక్కడ ప్రతి బిళ్లా ఒక మొక్కవుతుంది. తండ్రితోనూ తల్లితోనూ పని లేదు. గోడ మీంచి పడే ప్రతి చుక్కా పోలమ్మ గోలేనికి ఒక మొక్కను విసిరింది.

"మరిప్పుడా కుటుంబం మా ఇంట ఉన్నట్టేనా అమ్మా?" అంది పోలమ్మ.

ఉన్నట్టేనని హేమలత గారు కమిషనర్ గారి దగ్గర కూడా చెప్పారు. గుండ్రటి గిన్నెలున్నవి ఆ కుటుంబమే అన్నారు. వాటితో పాటు అర్ధచంద్రాకారపు గిన్నెలున్నవి కూడా కొన్ని వచ్చాయి, అవి నర్సరీ కుండీల్లోంచి వచ్చినట్టున్నాయి, వాటి సంగతి వేరు అన్నారు. మొదటి వాక్యం వినగానే కమిషనర్ గారు ఇంజనీరుకు ఫోను చేయడం మొదలుపెట్టడంతో రెండో వాక్యం వినలేదు.

గొల్లవీధికి నీటి లైను సాంకేతిక కారణాల వల్ల అసాధ్యమని అంతకుముందే తేలిపోయింది. సంరక్షిత కుటుంబానికి ఆ కారణాలు వర్తించవు కాబట్టి లైను వారంలో పడింది. పోలమ్మ కొళాయి తిప్పితే నీళ్లు వచ్చాయి. కొళాయి పైన 'మార్కాన్షియేసీ కుటుంబం వారి ఉపయోగార్థం' అని రేకు బిగించారు. పోలమ్మ పొద్దున్నే ముందుగా గోలెం చుట్టూ చెంబెడు నీళ్లు చల్లి, ఆ తర్వాత గేదెలకు పెట్టేది. చూడవచ్చిన వాళ్లకు కూడా చెంబుతో నీళ్లిచ్చి పంపేది. గోలెం అంచు కడిగిన నీళ్లన్నమాట, ఆ పచ్చటి బిళ్లలతో సహా. వానాకాలం వెళ్లేసరికి వీధిలో ప్రతి చప్టా పచ్చబడింది, ప్రతి ఇంటికీ లైను పడింది.

కమిషనర్ గారికి రాష్ట్రంలోనే పేరొచ్చింది. కొంగల్ని తీసుకున్న ఊళ్లో కొంగలు ఎగిరిపోయాయి. మా కుటుంబం మాత్రం ఇల్లిల్లూ పాకుతోంది. ఒక్కటే ఆయన్ని బాధించింది. సంఖ్య పెరిగిన కారణం రాయాలి. తల్లిదండ్రుల ప్రమేయం లేకుండా పిల్లలు పుట్టారని నివేదికలో రాస్తే బాగుండదు. బదిలీ వేడుక కన్నా ముందే పుట్టినవి కూడా కొన్ని ఉన్నాయేమోనని ఆయన అనుమానం. చాలాసేపు ఆలోచించి, అందరినీ దత్తత కింద రాయమన్నారు. రాశాను.

ఇంత పెరుగుదల ఎలా సాధ్యమైందో చూసి రమ్మని పైవారు ప్రొఫెసర్ వరాహమూర్తి గారిని పంపారు. జీవితమంతా ఈ మొక్కల వర్గీకరణ మీదే గడిపిన పెద్దాయన. మునికాళ్ల మీద కూర్చుని గొల్లవీధి చప్టాలన్నీ భూతద్దంతో చూశారు. పోలమ్మ ఇంటి దగ్గర లేచి నిలబడి, ఇది మార్కాన్షియేసీ కాదు అన్నారు. గుండ్రటి గిన్నెల మొక్క ఆమె గోలెం మీద దాదాపు అంతరించింది. దాని చోట అంతా అర్ధచంద్రపు గిన్నెలే. ఆ మొక్క పేరు లూనులేరియా అట. వీధిలో సగం ఇళ్లదీ అదే పరిస్థితి. అది వేరే కుటుంబం కాబట్టి ఉత్తర్వు దానికి వర్తించదని ఆయన నివేదిక ఇచ్చారు. ఆ సగం ఇళ్లకు లైను కట్టేయాలని ఇంజనీరు చీటీ పెట్టాడు.

గొల్లవీధిలో ఆడవాళ్లు పిల్లల భూతద్దాలు అడిగి తెచ్చుకుని ఎవరి ఇంట ఏ గిన్నె ఉందో చూసుకున్నారు. గుండ్రటి గిన్నె ఉన్నవాళ్లు తలుపులు వేసుకున్నారు. కమిషనర్ గారు విచారణ పెట్టారు. ఆయనకు నీళ్ల మీద ప్రేమేమీ లేదు కానీ, పంపిన లెక్కలో సగం కోతపడటం ఆయనకు కూడా ప్రాణాంతకమే.

ప్రొఫెసర్ గారు విచారణలో అరగంట మాట్లాడారు. పూర్వం ఈ రెండింటినీ ఒకే కుటుంబంలో పెట్టేవారనీ, తర్వాత గిన్నె ఆకారమూ, గొడుగు కట్టుబడీ మొదలైనవన్నీ పరిశీలించి రెండోదాన్ని వేరు చేశారనీ చెప్పారు. పోలమ్మ గుమ్మం దగ్గర నిలబడి శ్రద్ధగా విన్నది. ఆయన ముగించాక అడిగింది.

"అంటే ముందు కలిసున్నోలే, తరవాత యేరుపడిపోనారు. అంతేనా బాబూ?"

అంతేనని ఆయన ఒప్పుకున్నారు.

"మా మరిదీ యేరుపడిపోనాడు. ఆడి వంట ఆడిదే, మా వంట మాదే. కొలాయి ఒక్కటే. యేరుపడినోడికి దాహమెయ్యదేటి?"

ప్రొఫెసర్ గారు ఇది దాహానికి సంబంధించిన విషయం కాదన్నారు. కమిషనర్ గారు హేమలత గారి వైపు తిరిగి, కాలేజీలో పిల్లలకు ఎలా చెబుతున్నారని అడిగారు. ఆమె ఇబ్బంది పడుతూనే నిజం చెప్పారు. ప్రొఫెసర్ గారు చెప్పిందే ఇవాళ్టి సైన్సు. కానీ మా కాలేజీకి ప్రభుత్వం నిర్దేశించిన పుస్తకం పాతది, అందులో రెండూ ఒకే కుటుంబంలో ఉన్నాయి. కొత్త పుస్తకం కోసం ఎప్పటి నుంచో రాస్తున్నాం, రాలేదు.

కమిషనర్ గారి ముఖం వెలిగింది. నిర్దేశించిన పుస్తకాన్ని ప్రభుత్వం సవరించనంతవరకు అందులోని కుటుంబమే అమల్లో ఉన్నట్టు లెక్క అని తీర్పు చెప్పారు. ప్రొఫెసర్ గారు ఎర్రబడి, ఇది సైన్సుకు విరుద్ధం అన్నారు.

"సైన్సు మారి ఉండవచ్చు సార్," అన్నారు కమిషనర్ గారు. "ఉత్తర్వు మారలేదు."

కొళాయిలు నిలిచాయి. పోలమ్మ ఆ సాయంత్రం ప్రొఫెసర్ గారికి గ్లాసుడు పాలు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగారు కానీ మనసు కుదుటపడలేదు. రైలెక్కేదాకా గిన్నెల గురించే చెబుతూ ఉన్నారు.

ఏడాది తిరిగేసరికి మా ఊరికి ప్రశంసాపత్రం వచ్చింది. విశ్వమోహన్ గారు పదోన్నతి మీద వెళ్లిపోయారు. ప్రశంసాపత్రం వెనకాలే మరో కాగితం వచ్చింది. గుమ్మలవాడలో సదరు కుటుంబం ఆశించినదాని కన్నా అధికంగా వృద్ధి చెందినందువల్ల దానికి ఇక ప్రమాదం లేదని నిర్ధారించడమైనది. కావున సంరక్షణ ఉపసంహరించడమైనది. నీటి సరఫరా నిలిపివేయవలసినది.

నిలిపేశారు. నడివేసవి. గొల్లవీధి చప్టాల మీద మొక్కలు అంచులు ముడుచుకుని, నల్లబడి, కాగితంలా నేలకు అంటుకుపోయాయి. చచ్చాయనుకున్నారు అందరూ. అవి చావలేదు, నీళ్ల కోసం ఎదురుచూస్తున్నాయి అని హేమలత గారు మాత్రం అన్నారు. పోలమ్మ మళ్లీ బిందె ఎత్తుకుని గెడ్డకు వెళ్లింది. ఒకరోజు దారిలో పడిపోయి మోకాలి చిప్ప వాచింది. మర్నాడు గేదెల బేరగాడు వచ్చి చిన్నగేదె పళ్లు చూసి వెళ్లాడని తవిటినాయుడు నాతో చెప్పాడు. గోలెం సాయం పట్టడానికి రోజూ వెళ్లి అలవాటుపడినవాడు. ఊరికే కూడా వెళ్లి కూర్చునేవాడు.

కొత్త కమిషనర్ దీప్తిశ్రీ మేడం వచ్చారు. ఆమెతో పాటే కొత్త ఉత్తర్వు వచ్చింది. ఈసారి పైవాళ్లకు శుభ్రత మీద ఉత్సాహం పుట్టింది. 'పాచి రహిత పట్టణం'. గోడల మీదా, చప్టాల మీదా పచ్చటిది గానీ నల్లటిది గానీ కనిపించకూడదు. కనిపించిన ఇంటికి జరిమానా. మేడం మొదటి తనిఖీకి గొల్లవీధినే ఎంచుకున్నారు, పాత ప్రశంసాపత్రం చదివి. ఇంజనీరు, నేను, అభిప్రాయం కోసం పిలిపించిన హేమలత గారు వెనక నడిచాం.

మేడం పోలమ్మ గోలెం ముందు ఆగి, ఈ పాచి మొత్తం తక్షణం కడిగి శుభ్రం చేయవలసిందిగా గృహస్థులను ఆదేశిస్తున్నామని చెప్పారు. పోలమ్మ వాచిన కాలు చాపుకుని అరుగు మీద కూర్చుని ఉంది. గుంజకు చిన్నగేదె కట్టి ఉంది, మెడలో బేరగాడు కట్టిన కొత్త తాడు.

"అలగే కడుగుతామమ్మా," అంది పోలమ్మ. "ఏటితో కడగాల?"

మేడం ఇంజనీరు వైపు చూశారు. ఇంజనీరు నా వైపు చూశాడు. ఉత్తర్వులో చీపురు గురించి, బ్లీచింగు గురించి, పర్యవేక్షణ గురించి ఉంది. నీళ్ల సంగతి ఎవరూ రాయలేదు. పాచి రహిత కార్యక్రమం నీటి కొరత వల్ల విఫలమైందని పైకి రాయడం ఏ కమిషనరూ ఇష్టపడరు. వీధికి లైను ఉందా అని మేడం అడిగారు. ఉందని ఇంజనీరు ఒప్పుకున్నాడు.

"అయితే పాచి నిర్మూలనార్థం నీరు విడుదల చేయండి," అన్నారు మేడం. తర్వాత హేమలత గారి వైపు తిరిగారు. "మీరు నిపుణులు కదా. కడిగితే ఇది పోతుందా?"

హేమలత గారు వెంటనే జవాబు చెప్పలేదు. ఆమె అలా ఆగడం నేను అదే మొదటిసారి చూడటం. ఏది అడిగినా తెలిసిందంతా చెప్పే మనిషి. ఎండి ముడుచుకుపోయిన ఆ నల్లటి పొరకు చెంబెడు నీళ్లు తగిలితే మళ్లీ పచ్చబడుతుందని ఆమెకు తెలుసు. కడిగే ప్రతి చెంబూ గిన్నెల్లోని బిళ్లల్ని పక్కింటి గోడకు చేరవేస్తుందనీ తెలుసు. ఆమె గోలెం వైపు చూశారు, పోలమ్మ మోకాలి వైపు చూశారు.

"ఒక్కసారి కడిగితే పోదండి," అన్నారు. "రోజూ కడగాలి."

"రోజుకెన్నిసార్లు?"

"పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అయితే మంచిది."

"ఎన్నాళ్లు?"

"పోయేదాకా."

అబద్ధం ఒక్కటీ లేదు. మేడం అది అక్కడే రాయించుకున్నారు. హేమలత గారు కాలేజీకి తిరిగి వెళ్తూ రోడ్డు మీద ఒక్కరే నవ్వుకోవడం కనిపించింది. నేను చూశానని తెలిసి సర్దుకున్నారు. ఆ సాయంత్రం నీళ్లు వచ్చాయి. పోలమ్మ గేదె మెడలోని కొత్త తాడు విప్పి, బేరం లేదని మర్నాడు ఆ తాడు బేరగాడికి తిప్పి పంపించేసింది.

ఇప్పుడు గొల్లవీధికి రెండు పూటలా నీళ్లు వస్తున్నాయి. ఆడా మగా అందరూ ఎంతో శ్రద్ధగా గోడలు కడుగుతున్నారు. కిందటి నెల తనిఖీలో పాచి ఏమాత్రం తగ్గకపోగా రెండింతలైందని తేలింది. కార్యక్రమాన్ని మరింత ముమ్మరం చేయడానికి మధ్యాహ్నం కూడా ఒక గంట నీళ్లు వదలడానికి అనుమతి కోరుతూ మేడం పైకి రాశారు.